ఆగమంటున్నది ఎవరు? నిరీక్షణకు బర్మింగ్‌హామ్ చెప్పిన అర్థం

తెలుగు బైబిల్లో ‘నిరీక్షణ’ అని ఒక మాట ఉంది. బయట ఎవరూ వాడరు. పంట మీద ఆశ అంటాం, కొడుకు మీద నమ్మకం అంటాం, ఉద్యోగం కోసం ఎదురుచూపు అంటాం. ఈ మూడింటినీ కలిపి గుడిలో నిరీక్షణ అంటాం. ‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును’ అన్న వాక్యం సండే స్కూల్లో బట్టీ పట్టకుండా పెరిగిన క్రైస్తవ పిల్లలు మన దగ్గర తక్కువ.

మా నాయనమ్మ ఈ మాట మీదే బతికింది. తాత పోయాక ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని కూలికి వెళ్లిన మనిషి. చదువు రాదు. ఆదివారం చెవిన పడ్డ వాక్యాన్ని వారమంతా నాట్లలో వంగి గొణుక్కునేది. ‘నిరీక్షణ సిగ్గుపరచదురా’ అని మాకు చెప్పేది. ఆ మాటే లేకపోతే ఆమె ఏ రోజో కూలబడిపోయేది. కానీ అదే నాయనమ్మ ఊళ్లో పెద్ద రైతు ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది. ఎందుకు నాయనమ్మా అంటే, ‘దేవుడు చూసుకుంటాడులే, పద’ అనేది. పిల్లల్ని పెంచిన ఓర్పుకూ, చెప్పులు విప్పించిన ఓర్పుకూ ఆమె దగ్గర ఒకటే పేరు ఉండేది.

ఈ రెండూ ఒకటేనా? దేవుడి కోసం ఎదురుచూడటం ఎక్కడ ఆగుతుంది, అన్యాయానికి అలవాటు పడటం ఎక్కడ మొదలవుతుంది? ఈ ప్రశ్న మీద నేను చదివిన వాటిలో అన్నిటికంటే సూటిగా సాగిన వాదన 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగింది. ఒక పక్క ఎనిమిదిమంది మతపెద్దలు. ఇంకో పక్క జైల్లో ఉన్న ఒక బాప్టిస్టు పాస్టరు, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్. ఆ వాదనను అర్థం చేసుకోవడానికే ఈ వ్యాసం.

రూమ్ నంబర్ 30

బర్మింగ్‌హామ్ అలబామా రాష్ట్రంలోని ఉక్కు నగరం. నల్లవాళ్లకు వేరే కుళాయి, వేరే బడి. బట్టల షాపులో డబ్బు తీసుకుంటారు గానీ అదే షాపులోని హోటల్ బల్ల దగ్గర కూర్చోనివ్వరు. ఎదురు తిరిగిన వాళ్ల ఇళ్ల మీద బాంబులు పడేవి. ఎన్ని పడ్డాయంటే, ఆ ఊరిని జనం ‘బాంబింగ్‌హామ్’ అని పిలవడం మొదలుపెట్టారు. పోలీసు, అగ్నిమాపక శాఖలు బుల్ కానర్ అనేవాడి చేతిలో ఉండేవి.

ఆ ఊళ్లో ఈ పోరాటాన్ని మొదలుపెట్టింది కింగ్ కాదు. బెతెల్ బాప్టిస్టు చర్చి పాస్టరు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్. 1956 క్రిస్మస్ రాత్రి ఆయన మంచం మీద ఉండగా పడకగది కిందే డైనమైట్ పేలింది. ఇల్లు కూలింది, ఆయన నడుచుకుంటూ బయటికి వచ్చారు. మర్నాడే జనాన్ని వెంటబెట్టుకుని తెల్లవాళ్లకు కేటాయించిన బస్సు సీట్లలో కూర్చున్నారు. దేవుడు తనను బతికించింది ఊరొదిలి పారిపోవడానికి కాదన్నది ఆయన నమ్మకం. నిరీక్షణ అంటే ఏమిటని నన్ను అడిగితే ముందు ఆ డిసెంబర్ 26 ఉదయాన్నే చూపిస్తాను.

1963 ఏప్రిల్ 3న ఉద్యమం పెద్ద ఎత్తున మొదలైంది. ఈస్టర్ ముందు రోజులవి. మనకు క్రిస్మస్ కొత్త బట్టలు ఎలాగో, అక్కడ ఈస్టర్ కొత్త బట్టలు అలాగ. షాపుల వాళ్లకు అదే సీజన్. ఆ సీజన్‌లోనే నల్లజాతి కుటుంబాలు షాపులకు వెళ్లడం మానేశాయి. పండక్కి కొత్త బట్టలు కొనకుండా జీన్స్ వేసుకుందామని పాస్టర్లు చెప్పారు. ఉద్యమంలో చేరే ప్రతి ఒక్కరూ ఒక కార్డు మీద సంతకం చేయాలి. అందులో పది ఆజ్ఞలు ఉండేవి. రోజూ యేసు బోధలను, ఆయన జీవితాన్ని ధ్యానించాలి అన్నది మొదటిది. మనం కోరేది న్యాయమూ సయోధ్యా, గెలుపు కాదు అన్నది రెండోది. చేత్తో గానీ నాలుకతో గానీ హృదయంతో గానీ హింస చేయకూడదు అని కూడా ఉంది. చెయ్యి ఆపుకోవడం ఎవరైనా నేర్చుకోగలరు. హృదయంలోని హింసను కూడా లెక్కలో వేశారంటే, దీన్ని వాళ్లు రాజకీయ ఎత్తుగడగా మాత్రమే చూడలేదని తెలుస్తుంది.

వారం తిరిగేసరికి ఊరేగింపులు చేయకూడదని కోర్టు ఉత్తర్వు వచ్చింది. ఉన్న బెయిల్ డబ్బు అయిపోయింది. ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే ఉదయం, గాస్టన్ మోటెల్‌లోని 30వ నంబరు గదిలో ఇరవై నాలుగుమంది కూర్చున్నారు. కింగ్ జైలుకు వెళ్తే, అప్పటికే లోపల ఉన్నవాళ్లను విడిపించడానికి డబ్బు పోగుచేసేది ఎవరు? వెళ్లకపోతే, జైలుకు వెళ్లమని జనానికి చెప్పిన మనిషి మాట తప్పినట్టు కాదా? ఎవరి దగ్గరా జవాబు లేదు. కింగ్ లేచి పక్క గదిలోకి వెళ్లి ఒంటరిగా ప్రార్థించారు. తిరిగి వచ్చేసరికి సూటు లేదు, పనివాళ్లు వేసుకునే జీన్స్ బట్టల్లో ఉన్నారు. ఏం నిర్ణయించారో నోటితో చెప్పక్కర్లేకపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆయన్నూ స్నేహితుడు రాల్ఫ్ అబెర్నతీనీ అరెస్టు చేశారు. కింగ్‌ను ఒంటరి గదిలో వేశారు. ఆయన వయసు అప్పటికి 34.

ఎనిమిదిమంది మంచివాళ్లు

అదే రోజు ఎనిమిదిమంది తెల్లజాతి మతపెద్దల ప్రకటన వచ్చింది. బిషప్పులు, పాస్టర్లు, ఒక యూదు రబ్బీ. ప్రదర్శనలు తెలివితక్కువవి, సమయం కానప్పుడు చేస్తున్నవి అన్నారు. బయటివాళ్లు వచ్చి నడిపిస్తున్నారు అన్నారు. హక్కులు కావాలంటే కోర్టుల్లో, చర్చల్లో తేల్చుకోవాలి గానీ వీధుల్లో కాదన్నారు.

ఇక్కడ మనం తొందరపడి వీళ్లను దుర్మార్గుల లెక్కలో వేస్తే మొత్తం విషయం చేజారిపోతుంది. అలబామా కొత్త గవర్నర్ జార్జ్ వాలెస్ ఆ జనవరిలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ‘ఎప్పటికీ వేరువేరే’ అని ప్రమాణ స్వీకారం రోజున గర్జించాడు. కోర్టు తీర్పులకు లోబడాలనీ, ప్రతి మనిషినీ దేవుడు తన స్వరూపంలోనే చేశాడనీ ఆ నెలలోనే ఈ మతపెద్దలు ఒక ప్రకటనపై సంతకం చేశారు. ఆ రోజుల్లో, ఆ ఊళ్లో, అది చిన్న ధైర్యం కాదు. వాళ్లలో ఒకరైన పాస్టరు ఎర్ల్ స్టాలింగ్స్ రెండు రోజుల తర్వాత ఈస్టర్ ఆదివారం తన చర్చిలోకి నల్లజాతీయులను రానిచ్చారు. దానికి సొంత సంఘంలోనే ఆయనకు వ్యతిరేకత ఎదురైంది. కింగ్ తన ఉత్తరంలో ఆయన పేరు చెప్పి మరీ మెచ్చుకున్నారు.

కాబట్టి బర్మింగ్‌హామ్ వాదనలో ఒక పక్క ద్వేషం, మరో పక్క ప్రేమ లేవు. జాతి వివక్ష తప్పే అని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. తేడా అంతా ఒక్క మాట దగ్గర: ఆగండి.

ఒకే బైబిలు, రెండు చదువులు

ఆ మాట వెనక మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. కొంచెం వెనక్కి వెళ్లాలి.

బాప్తిస్మం తీసుకున్న బానిస క్రీస్తులో సహోదరుడు అవుతాడు కదా, మరి సహోదరుణ్ని బానిసగా ఉంచుకోవచ్చా? ఈ ఇబ్బంది యజమానులకు తొలినాళ్లలోనే వచ్చింది. 1667లో వర్జీనియా శాసనసభ దానికి చట్టంతో జవాబు చెప్పింది. బాప్తిస్మం వల్ల బానిస స్థితి మారదు అని. ఆత్మ దేవుడిది, ఒళ్లు యజమానిది అన్నట్టు మనిషిని రెండు ముక్కలు చేసిన చట్టమది. అప్పటి నుంచి నిరీక్షణ కూడా రెండు ముక్కలైంది. స్వేచ్ఛ పరలోకంలో, విధేయత ఈ లోకంలో.

దీనికి వాక్యాలు వెతికారు. ఆదికాండం తొమ్మిదో అధ్యాయంలో నోవహు శపించిన కథను తీసుకుని, హాము సంతానమే ఆఫ్రికావాళ్లు, వాళ్లకు బానిసత్వం దేవుడు రాసిపెట్టిందే అన్నారు. ఆ అధ్యాయం ఎవరైనా తీసి చదవండి. శాపం పడింది హాము మీద కాదు, కనాను మీద. ఒంటి రంగు మాట అక్కడ ఒక్కటి కూడా లేదు. ‘దాసులారా, మీ యజమానులైనవారికి విధేయులై యుండుడి’ అన్న ఎఫెసీ వాక్యం మాత్రం ప్రతి ఆదివారం వినిపించేది.

1807లో లండన్‌లో ఒక పుస్తకం అచ్చయింది. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నల్లజాతి బానిసల కోసం ఏరి కూర్చిన బైబిలు భాగాలు అని దాని పేరులోనే ఉంటుంది. మోషే ఇశ్రాయేలీయులను ఐగుప్తు దాస్యం నుంచి బయటికి నడిపించిన కథ అందులో తీసేశారు. ‘దాసుడని స్వతంత్రుడని లేదు’ అన్న గలతీ వాక్యం తీసేశారు. విధేయతను ఉంచారు. కత్తిరించిన వాళ్ల చేతులకు తెలుసు, ఆ పుస్తకంలో నిప్పు ఎక్కడ ఉందో.

ఆ నిప్పును బానిసలే కనుక్కున్నారు. అమెరికా దక్షిణాది తోటల్లో రాత్రిళ్లు, యజమానులకు వినపడకుండా, అడవుల్లో చేరి ప్రార్థన చేసుకునేవాళ్లు. చదవడం నేర్పితేనే నేరమైన చోట్ల కూడా నిర్గమకాండం నోటి నుంచి నోటికి పాకింది. వాళ్ల పాటల్లో యొర్దాను నది అంటే చావు అవతలి తీరం మాత్రమే కాదు, బానిసత్వం లేని ఉత్తరాది కూడా. ఒకే మాటలో రెండు ప్రయాణాలు దాచుకున్నారు. చర్చిల్లో కూడా ఊరుకోలేదు. ఫిలడెల్ఫియాలోని ఒక మెథడిస్టు చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థిస్తున్న అబ్సలోం జోన్స్‌ను ప్రార్థన పూర్తికాకముందే లాగి లేపారు. ఆయనా, బానిసగా పుట్టి తన విడుదలను తానే కొనుక్కున్న రిచర్డ్ అలెన్, మిగతా నల్లజాతి విశ్వాసులూ లేచి బయటికి నడిచారు. 1816లో అలెన్ నాయకత్వంలో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘం ఏర్పడింది. అమెరికాలో నల్లజాతి చర్చి వేరుగా ఎందుకుంది అని అడిగేవాళ్లకు జవాబు ఆ మోకాళ్ల దగ్గరే ఉంది.

తెల్లజాతి చర్చిలూ చీలాయి. బానిసలున్నవాణ్ని మిషనరీగా పంపవచ్చా అన్న గొడవ మీద 1845లో బాప్టిస్టులు రెండయ్యారు. పంపవచ్చు అన్న దక్షిణాదివాళ్లు సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. అది తప్పని ఆ సంఘం అధికారికంగా ఒప్పుకుని క్షమాపణ అడిగింది 1995లో, నూట యాభై ఏళ్లకు.

1963లో ఎనిమిదిమంది ‘ఆగండి’ అన్నప్పుడు నల్లవాళ్ల చెవికి వినిపించింది ఆ ఒక్క మాట కాదు. 1667 నుంచి వింటున్న ప్రసంగం మొత్తం వినిపించింది.

వార్తాపత్రిక అంచుల మీద

కింగ్ జవాబు రాయడం మొదలుపెట్టింది ఆ ప్రకటన వచ్చిన పేపరు అంచుల మీదే. తర్వాత జైల్లోని ఒక నల్లజాతి ఖైదీ ఇచ్చిన కాగితం ముక్కల మీద, ఆఖరికి లాయర్లు తెచ్చిన నోట్‌ప్యాడ్ మీద. ఏప్రిల్ 16 తేదీ వేసిన ఆ ఉత్తరాన్ని అన్యాయపు చట్టాన్ని ధిక్కరించడం గురించిన పత్రంగా చాలామంది చదువుతారు. నేను దాన్ని నిరీక్షణ మీద రాసిన వ్యాఖ్యానంగా చదువుతాను.

‘ఆగండి’ అన్న మాటకు దాదాపు ఎప్పుడూ ‘ఎన్నటికీ లేదు’ అనే అర్థమని ఆయన రాశారు. 340 ఏళ్లకు పైగా ఎదురుచూశాం అన్నారు. ఆ వెంటనే లెక్కలు వదిలేసి తన ఇంట్లోకి తీసుకెళ్తారు. ఆరేళ్ల కూతురు టీవీలో ఫన్‌టౌన్ అనే పార్కు ప్రకటన చూసింది. నాన్నా, మనమెప్పుడు వెళ్దాం అంటుంది. నల్లపిల్లల్ని అక్కడికి రానివ్వరని చెప్పాలి. దేశమంతా ఉర్రూతలూగే ప్రసంగాలు చేసిన మనిషి, నాలుక తడబడి మాట రాదు అంటారు. పాప కళ్లలో నీళ్లు నిండుతుంటే చూశాననీ, తాను తక్కువదాన్నన్న మబ్బు ఆ చిన్న మనసులో కమ్ముకుంటుంటే చూశాననీ రాస్తారు. ఆగమని చెప్పడం తేలిక. ఆ పాపకు ఎదురుగా కూర్చుని చెప్పి చూడండి.

తర్వాతి విషయం టెన్షన్. ఊళ్లో టెన్షన్ పెరుగుతోంది అన్నది మతపెద్దల ఫిర్యాదు. మనమూ ఇదే అంటాం: ఎందుకొచ్చిన గొడవ, అందరం ప్రశాంతంగా ఉన్నాం కదా. టెన్షన్ అన్న మాటంటే నాకు భయం లేదని కింగ్ నేరుగానే రాశారు. మేం టెన్షన్‌ను పుట్టించలేదు, అప్పటికే లోపల ఉన్నదాన్ని బయటికి తెచ్చాం అన్నారు. లోపల చీము పట్టిన కురుపు మూతపెడితే మానదు, గాలీ వెలుతురూ తగలాలి. టెన్షన్ లేకపోవడమే శాంతి అనుకునేవాళ్లు కొందరు, న్యాయం ఉండటమే శాంతి అనుకునేవాళ్లు కొందరు. తనను ఎక్కువ బాధపెట్టింది ముసుగులేసుకుని వచ్చి నల్లవాళ్ల మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ గుంపు కాదనీ, న్యాయం కంటే సద్దుమణగడాన్నే కోరుకునే మంచి తెల్లవాళ్లనీ ఆయన దాదాపు ఒప్పుకోలులా రాశారు. దక్షిణాదిలోని అందమైన చర్చి గోపురాలను చూసి, ఇక్కడ ఆరాధించేది ఎలాంటి మనుషులు, వాళ్ల దేవుడు ఎవరు అని తనలో తాను ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నానన్నారు.

మరి చట్టం? పై అధికారులకు లోబడాలని పౌలు రోమా పత్రికలో రాశాడు కదా? ఇది గట్టి ప్రశ్న, మన గుళ్లలోనూ వస్తుంది. కింగ్ దీన్ని దాటేయలేదు. బబులోను రాజు నెబుకద్నెజరు ప్రతిమకు మొక్కనందుకు అగ్నిగుండంలో పడ్డ షద్రకు, మేషాకు, అబేద్నెగోలను గుర్తు చేశారు. అన్యాయపు చట్టం చట్టమే కాదన్న పూర్వపు క్రైస్తవ గురువు అగస్టీన్ మాట చెప్పారు. కానీ ఒక షరతు పెట్టారు. మీరితే బాహాటంగా, ప్రేమతో, శిక్షకు సిద్ధపడి మీరాలి. రాత్రిపూట ముసుగేసుకుని చట్టం మీరేవాడికీ, పగలు మీరి జైలుకు నడిచేవాడికీ తేడా అదే. ఆ ముగ్గురు యువకులు అగ్నిగుండం నుంచి తప్పించుకుపోలేదు.

నాకు అన్నిటికంటే లోతుగా తగిలింది కాలం గురించి ఆయన అన్న మాట. ఒక తెల్లజాతి విశ్వాసి ఆయనకు రాశాడట, నల్లవాళ్లకు ఎప్పటికైనా సమానత్వం వస్తుంది, తొందరెందుకు, క్రీస్తు బోధ లోకంలో పండటానికి సమయం పడుతుంది అని. దానికి కింగ్ జవాబు: కాలం తనంతట తాను ఏ గాయాన్నీ మాన్పదు. దాన్ని మంచికీ వాడవచ్చు, చెడుకీ వాడవచ్చు. దేవుడితో కలిసి పనిచేయడానికి ఒప్పుకున్న మనుషుల అలుపెరగని శ్రమ వల్లే ముందడుగు పడుతుంది.

అన్నీ వాటంతటవే బాగుపడతాయిలే అనుకోవడాన్ని నిరీక్షణ అనకూడదని దీని అర్థం. ‘యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు’ అని యెషయా అంటాడు. బలం వచ్చేది కూర్చోవడానికి కాదు, ఆ వాక్యంలోనే వాళ్లు పరుగెత్తుతారు, నడుస్తారు. లూకా సువార్తలో విధవరాలి కథ కూడా ఇదే. ‘నాకు న్యాయము తీర్చుము’ అని ఆమె అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ వెళ్తుంది. యేసు ఆ కథ చెప్పింది విసుగక ప్రార్థన చేయాలని నేర్పడానికి. ఆమె ఎదురుచూసింది, ఆ మాట నిజమే. ఎక్కడ ఎదురుచూసిందంటే ఆ న్యాయాధిపతి ముందే.

మన వైపు తిరిగితే

ఇదంతా అమెరికా గొడవ అని పక్కన పెట్టడానికి తెలుగు క్రైస్తవులకు వీల్లేదు. ఆ 1845 చీలికలో ఉత్తరాది పక్క ఉండిపోయిన బాప్టిస్టుల మిషనే నెల్లూరు, ఒంగోలులో పనిచేసింది. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావిలో తోడుకోవడానికి వీల్లేని మనుషులు ఏటిలో దిగి సహోదరులై బయటికి వచ్చారు.

కానీ మిషన్ బంగళాల్లోనూ రంగు గోడ ఉండేది. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి దోర్నకల్‌లో పనిచేస్తున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తిరునెల్వేలి ప్రాంతపు మనిషి, ఆ సభలో లేచి విదేశీ మిషనరీలకూ భారతీయ పనివారికీ మధ్య ఉన్న ఎడం గురించి మాట్లాడారు. ‘బీదలను పోషించడానికి మీ ఆస్తినిచ్చారు. కాల్చబడటానికి మీ శరీరాలనిచ్చారు. మేం ప్రేమను కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితులను ఇవ్వండి’ అన్నారు. కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయాన్ని మనకు తెచ్చి ఇచ్చినవాళ్లకే దాన్ని తిరిగి వినిపించారు. సభలో చాలామందికి అది కష్టంగా అనిపించింది. రెండేళ్లకు ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు.

ఇంకో తీగ కింగ్ నుంచే వస్తుంది. 1959లో ఆయన మన దేశానికి వచ్చారు. తిరువనంతపురంలో దళిత పిల్లలు చదివే ఒక బడికి వెళ్తే, హెడ్మాస్టరు ఆయన్ని ‘అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరాని మనిషి’ అని పిల్లలకు పరిచయం చేశారు. ఆ మాటకు మొదట ఉలిక్కిపడ్డాననీ, తర్వాత ఆలోచిస్తే అవును, నేనూ అంటరానివాణ్నే, అమెరికాలోని ప్రతి నల్లవాడూ అంటరానివాడే అనిపించిందనీ ఆయన 1965లో ఒక ప్రసంగంలో చెప్పారు.

జాతి, కులం ఒకటే అని నేను అనడం లేదు. రంగు చూడగానే కనిపిస్తుంది, కులాన్ని అడిగి కనుక్కుంటారు. చట్టాలు వేరు, చరిత్ర వేరు. ఒకటి మాత్రం రెండు చోట్లా అచ్చంగా అలాగే ఉంది: ‘ఇప్పుడు కాదు’ అని చెప్పే గొంతు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. దానితో పాటు మన గుళ్లను కూడా అడగాలి. మా పక్క ఊళ్లో రెండు గుళ్లున్నాయి, మధ్య దూరం రెండు వందల గజాలు. ఒకటి ఈ పేటది, ఒకటి ఆ పేటది. సమాధుల తోట ఒకటే గానీ మధ్యలో కంచె ఉంది. అటూ ఇటూ సిలువల మీద రాసిన వాక్యాలు ఒక్కటే. ఆ కంచె గురించి ఎవరైనా అడిగితే పెద్దలు చెప్పే మాట నాకు తెలుసు. సమయం రావాలి అంటారు.

పిల్లలు

బర్మింగ్‌హామ్‌కు తిరిగి వెళ్దాం, కథ ఇంకా ఉంది. ఏప్రిల్ 20న కింగ్ బెయిల్ మీద బయటికి వచ్చేసరికి ఉద్యమం నీరసపడింది. జైలుకు వెళ్తే ఉద్యోగం పోతుంది, పెద్దవాళ్లు దొరకడం లేదు. అప్పుడు జేమ్స్ బెవెల్ అనే యువ పాస్టరు పిల్లల్ని పిలుద్దామన్నారు. మే 2న వెయ్యిమందికి పైగా పిల్లలు బడి మానేసి సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చి తలుపుల్లోంచి జంటలు జంటలుగా, పాడుకుంటూ బయటికి వచ్చారు. మర్నాడు బుల్ కానర్ వాళ్ల మీదికి ఫైరింజన్ నీళ్లు కొట్టించాడు, పోలీసు కుక్కల్ని వదిలించాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది.

పిల్లల్ని పంపడం సరైనదా? అప్పట్లోనే చాలామంది తప్పుపట్టారు, మరో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ కూడా. ఇద్దరు పిల్లల తండ్రిగా ఆ ఫొటోలు చూస్తే నాకు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది, నేనైతే పంపగలిగేవాణ్నా అంటే చెప్పలేను. కానీ ఫన్‌టౌన్ తలుపు మూసి ఉన్నది కూడా పిల్లలకే. వివక్ష వాళ్లను వయసు చూసి వదిలిపెట్టలేదు. మే 10న ఒప్పందం కుదిరింది. షాపుల్లో బల్లలు, గదులు అందరికీ తెరుస్తామన్నారు. మర్నాటి ఏడాది, 1964 జులై 2న, దేశమంతటికీ పౌరహక్కుల చట్టం వచ్చింది.

ఆ రెండింటి మధ్య సెప్టెంబర్ 15 ఉంది. ఆదివారం. పిల్లలు ఊరేగింపుగా బయటికి వచ్చిన అదే చర్చిలో, ఉదయం పదీ ఇరవై రెండుకు, బాంబు పేలింది. ఆ రోజు పాఠం పేరు ‘క్షమించే ప్రేమ’. కింద గదిలో ఆరాధనకు తయారవుతున్న నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కరోల్ రాబర్ట్‌సన్‌లకు పద్నాలుగేళ్లు. డెనీస్ మెక్‌నేర్‌కు పదకొండు. ఆడీ మే చెల్లెలు సారా బతికింది, కుడి కన్ను పోయింది. నేరం చేసినవాళ్లలో మొదటివాడికి శిక్ష పడింది 1977లో. మరో ఇద్దరికి 2001లో, 2002లో. ‘నిరీక్షణ సిగ్గుపరచదు’ అన్న మాటను ఆ తల్లిదండ్రులు ఎలా మోశారో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

మూడు రోజుల తర్వాత ముగ్గురు పిల్లల సమాధి ఆరాధనలో కింగ్ మాట్లాడారు. రంగు అద్దాల కిటికీల వెనక భద్రంగా కూర్చుని నోరు విప్పని ప్రతి సువార్త సేవకుడికీ ఈ పిల్లలు చెప్పేది ఒకటి ఉంది అన్నారు. ఆ చర్చిలో ఒక రంగు అద్దాల కిటికీ పగలకుండా మిగిలింది. అందులో క్రీస్తు చిన్నపిల్లల్ని నడిపిస్తూ ఉంటాడు. ఆయన ముఖం ఉన్న అద్దం మాత్రం ఎగిరిపోయింది.

ఈ వార్తను వేల్స్ దేశంలో జాన్ పెట్స్ అనే అద్దాల కళాకారుడు రేడియోలో విన్నారు. కొత్త కిటికీ చేసి ఇస్తానన్నారు. అక్కడి పత్రిక ఒకటి చందాలు అడిగింది. ఎవరూ అర క్రౌను నాణెం మించి ఇవ్వకూడదని షరతు పెట్టింది, ఎవరో ధనవంతుడు ఒక్కడే మొత్తం ఇచ్చేయకుండా. పిల్లలు కూడా పైసలు తెచ్చి ఇచ్చారు. 1965లో ఆ కిటికీ బర్మింగ్‌హామ్ చేరింది. అందులో నల్లని క్రీస్తు చేతులు చాపి, తల వాల్చి ఉంటాడు. కుడి అరచెయ్యి ద్వేషాన్నీ అన్యాయాన్నీ నెట్టేస్తున్నట్టు నిలబడి ఉంటుంది. ఎడమ చెయ్యి క్షమాపణ అందిస్తున్నట్టు తెరుచుకుని ఉంటుంది. అడుగున మత్తయి సువార్తలోని మాట: ‘నాకు చేసితిరి’.